నొప్పుల కోసం ఆగవద్దు

పోయిన వారం మనం ప్రాంప్టరమ్మను ఆసుపత్రి మెట్ల మీద, కురుస్తున్న వానలో, చేతిలో గొడుగు ఉండి కూడా తెరవడం మరిచిపోయిన స్థితిలో వదిలి వచ్చాం. నెలలు నిండిన మనిషిని అలా తడవనిచ్చి వారం పాటు మాయమైపోవడం మర్యాదేనా అని పాఠకులు నిలదీస్తే మన దగ్గర సమాధానం లేదు. ఆమెను అలా వదిలి వెళ్ళినవాళ్ళలో మొదటివాళ్ళం మాత్రం కామని మనవి చేసుకోవచ్చు. సరుకు ఓడలో ఇంజను చూసుకునే ఆమె భర్త మనకంటే ముందే సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. కాన్పు నాటికి వచ్చేస్తానని అతను మాట ఇచ్చాడు, ఓడ ఇవ్వలేదు. తల్లి ఏనాడో పోయింది. తండ్రి ఉన్నన్నాళ్ళూ లేనట్టే ఉన్నాడు. ఇక మిగిలిన పరివారమల్లా ఒక అత్తగారు, ఒక నాటకశాల, ఇప్పుడు కొత్తగా ఒక క్రిమి.

ఆ క్రిమిని పరిచయం చేసినది డాక్టరమ్మ.

"గ్రూప్ బి స్ట్రెప్ అంటాం. పరీక్షలో పాజిటివ్ వచ్చింది. కంగారు పడకండి, ఇది జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్న ఎంతోమంది ఆడవాళ్ళ ఒంట్లో ఉంటుంది. దానంతటది వస్తుంది, దానంతటది పోతుంది. మీరు ఏదో చేసినందుకు రాలేదు, ఏదో చెయ్యనందుకూ రాలేదు. మిమ్మల్ని ఏమీ చెయ్యదు. అయితే కాన్పు సమయంలో బిడ్డకు అంటితే, ఎప్పుడో అరుదుగా, ప్రమాదం అవుతుంది."

ఇక్కడ డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఇప్పుడు మందు వాడి లాభం లేదు, మళ్ళీ వచ్చేస్తుంది. కాన్పు మొదలయ్యాక చేతి నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కిస్తాం. బిడ్డ పుట్టడానికి కనీసం నాలుగు గంటల ముందు అది మొదలు కావాలి. అందుకని ఉమ్మనీరు పోయిందా, నొప్పుల కోసం ఆగవద్దు. వెంటనే వచ్చెయ్యండి. మీతో ఎవరు వస్తారు?"

"వస్తారు" అంది ప్రాంప్టరమ్మ. కర్త లేని క్రియ.

విన్న మాటను విన్నట్టు పట్టుకోవడం ఆమె వృత్తి. వేదిక ఎడమ పక్క, నల్లగుడ్డ చాటున, స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో నాటకం ప్రతి పెట్టుకుని, మాట తప్పిన మహారాజులకూ మతి తప్పిన మంత్రులకూ తరువాతి మాట గుసగుసగా అందిస్తూ ఆమె బ్రతుకుతోంది. సామ్రాజ్యాలు ఆ గుసగుస మీదే నిలబడి ఉన్నాయన్న సంగతి ప్రేక్షకులకు తెలియదు. తెలియకపోవడంలోనే ఆమె ఘనత ఉంది. కనుక డాక్టరమ్మ ప్రసంగమంతా, ఆ కళ్ళజోడు సర్దుబాటుతో సహా, మెట్లు దిగేలోగా ఆమెకు కంఠతా వచ్చేసింది. మెట్ల మీదికి వచ్చాక తెలిసింది అసలు చిక్కు. మాట సిద్ధంగా ఉంది. అందుకోవడానికి వేదిక మీద ఎవరూ లేరు. గొడుగు తెరవకపోవడానికి కారణం అదీ.

సాయంత్రం ఓడ నుంచి ఫోను వచ్చింది. "ఏమోయ్, ఏమంది డాక్టరు?" అన్న మాట సముద్రాలు దాటి తడిసి వచ్చినట్టు వినిపించింది. "అంతా బాగుందంది" అని ఆమె మొదలుపెట్టింది. 'కాకపోతే' అనేలోగా అవతల గాలి తప్ప ఏమీ మిగలలేదు.

ఇక అత్తగారు. ఆవిడ ఒకప్పుడు బడిలో డ్రిల్లు టీచరు. ఉద్యోగ విరమణ చేసింది ఉద్యోగం నుంచే గాని డ్రిల్లు నుంచి కాదు. మెడలో గొలుసుకు ఈ నాటికీ ఈల వేలాడుతూనే ఉంటుంది. పాలవాడి నుంచి పావురాల దాకా ఆ ఈలకు జవాబుదారులే. వంటగదిలో పంపు కింద గిన్నె కడుగుతున్న ఆవిడతో కోడలు ఒకే వాక్యంలో సంగతి చెప్పేసింది.

"ఏదో బాక్టీరియా ఉందట అత్తయ్యా, కాన్పప్పుడు మందు ఎక్కిస్తారట."

గిన్నె మీద చెయ్యి ఆగింది. "బిడ్డకు అంటుతుందా?"

"అంటవచ్చట."

ఆవిడ పంపు కట్టేసింది. అంతే, ఇంకొక్క ప్రశ్న వెయ్యలేదు.

మర్నాటి నుంచి ఆ చిన్న వాటాలో మహాసంగ్రామం ఆరంభమైంది. ఫినాయిలు సేనలు వరండాలో మోహరించి, హాలును ఆక్రమించి, స్నానాలగది కోటను భేదించాయి. తలుపుల పిడులు, దీపాల మీటలు, కుర్చీల చేతులు ఏవీ శరణు పొందలేదు. ప్రాంప్టరమ్మ లేచిన కుర్చీ ఆమె చూస్తుండగానే తుడవబడేది. ఆమె తాగిన కప్పు కడిగిన తరువాత ఇంకోసారి, ఎవరిదో పాపం కడిగినట్టు, కడగబడేది. ఈ యుద్ధమంతా మౌనంగా సాగింది. ఇద్దరు మనుషులు, రెండు గదులు, మధ్య ఫినాయిలు వాసన. కోడలు తన గదిలో మంచం మీద పడుకుని, కదులుతున్న పొట్ట మీద చెయ్యి వేసి, ఆ చీపురు చప్పుడు వింటూ, ఇంత శుభ్రమైన ఇంట్లో శుభ్రం కానిది తానొక్కతే అని లెక్క తేల్చుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆట ఉంది. బయలుదేరే ముందు వంటగదిలోకి వస్తే, పొయ్యి మీద అంత పెద్ద గిన్నె. అందులో, నురగ మధ్య, గజం బద్దంత చెక్కగరిటె చుట్టూ తిరుగుతున్నాయి బుల్లి చొక్కాలు, బుల్లి టోపీలు, పొత్తిగుడ్డలు.

"అత్తయ్యా, అవి నేను నిన్ననే ఉతికాను."

"ఉతికావు."

"ఇస్త్రీ కూడా చేశాను."

"చేశావు. ఉడకబెట్టలేదుగా."

"అవి బట్టలు అత్తయ్యా, బంగాళాదుంపలు కావు."

డ్రిల్లు టీచరమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. ఆ తిప్పడం చూసి కోడలికి ఎక్కడో పట్టు తప్పింది.

"నేను తాగిన కప్పు రెండేసి సార్లు కడుగుతున్నారు. కూర్చున్న కుర్చీ తుడుస్తున్నారు. నేను నడిచిన చోటల్లా నా వెనకే ఫినాయిలు. ఇంకొక్క పనే మిగిలింది, నన్నూ ఆ గిన్నెలో పడేసి మూత పెట్టెయ్యండి!"

"అరవకు. కడుపులో పిల్ల వింటుంది."

"విననివ్వండి. వాళ్ళమ్మ మురికిదని నాయనమ్మ అనుకుంటోందని దానికీ తెలియాలిగా."

"నేనన్నానా?"

"మీరు అనరు. మీరు తుడుస్తారు."

గరిటె ఆగింది.

ఇక్కడ ప్రాంప్టరు విద్యలోని ఒక రహస్యం విన్నవించాలి. నటుడు మాట ఆపినప్పుడు అది మరుపో, విరామమో పోల్చుకోవడమే ఆ విద్యలో సగం. మరుపైతే కళ్ళు పక్కకు వెతుకుతాయి. విరామమైతే ముఖం కదలదు. మాట నోటి దాకా వచ్చి, బరువుకు నిలబడి ఉంటుంది. అప్పుడు తొందరపడి అందిస్తే నాటకం చెడుతుంది. ఇంత తెలిసిన మనిషి ఇన్నాళ్ళుగా ఆ ఇంటి మౌనాన్ని తనకు తోచిన మాటలతో తానే పూరించుకుంటూ వచ్చింది. ఇప్పుడు, ఆవిరి మధ్య కదలని ఆ ముఖాన్ని చూశాక, తప్పు తెలిసింది. నోరు మూసుకుని నిలబడింది.

"మునుపొక పిల్ల ఉండేది" అంది అత్తగారు.

"ఎవరికి?"

"నాకు. మావాడికంటే ముందు."

గిన్నె తనలో తాను కుతకుతలాడుతోంది.

"బడిలో ఆటల పోటీలు. నా క్లాసు పిల్లలు మైదానంలో కవాతు చేస్తున్నారు. నీళ్ళు పోయాయి. నొప్పి మాత్రం లేదు. నొప్పే లేనప్పుడు తొందరేముందిలే అనుకున్నాను. కవాతు ముగించి, బహుమతులు ఇప్పించి, జెండా దింపించి ఇంటికి వచ్చాను. నొప్పులు మర్నాటికి గాని రాలేదు." ఆవిడ గరిటెను గిన్నె అంచున ఆనించింది. "పుట్టినప్పుడు ఎంత గట్టిగా ఏడ్చిందో! దీనికి ఈల అక్కర్లేదు అనుకున్నాను. తెల్లారేసరికి పాలు తాగడం మానేసింది. ఊపిరి తీస్తే మూలుగు. ఒళ్ళు కాలిపోయింది, తరవాత చల్లబడింది. సాయంత్రానికి అయిపోయింది."

"ఏమైందన్నారు అత్తయ్యా?"

"లోపల ఏదో ఇన్ఫెక్షనన్నారు. అంతకుమించి చెప్పలేదు, నేను అడగలేదు. మా అత్తగారు చెప్పింది. 'పొద్దస్తమానం మైదానం దుమ్ములో గంతులేసేదాని ఒంట్లో శుభ్రం ఎక్కడ ఏడుస్తుంది' అంది. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు."

"ఆయనకు తెలుసా?"

"వాడికెందుకు? వాడు పుట్టాక ఇల్లు తుడవడం మొదలుపెట్టాను. వాడు బతికాడు. ఇక మానలేదు." గరిటె మళ్ళీ అందుకుని అంది: "ఎన్ని వందల మంది పిల్లల్ని పేరుపెట్టి పిలిచానే నేను! దాన్ని పిలుచుకుందామంటే పేరే లేదు. పెట్టేంత సేపు ఉండలేదు."

ప్రాంప్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. నిలబడి చెప్పగల మాట కాదది. తరువాత, ఇన్నాళ్ళుగా అందుకునేవాళ్ళు లేక తనలో పులిసిపోతున్న ఆ ప్రసంగాన్ని మొదటి నుంచి అందించింది. ఇది జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్న ఎంతోమంది ఒంట్లో ఉంటుంది. దానంతటది వస్తుంది, దానంతటది పోతుంది. ఏదో చేసినందుకు రాలేదు, ఏదో చెయ్యనందుకూ రాలేదు. కళ్ళజోడు సర్దుకోవలసిన చోట, తనకు కళ్ళజోడు లేకపోయినా, వేలు ముక్కు మీదికి వెళ్ళింది.

"ఆ పిల్లకూ ఇదేనంటావా?" అంది అత్తగారు. ఆ గొంతులో ఈల ఎక్కడా లేదు.

అవునంటే ఎంత హాయి! ఎదుటి నటికి కావలసిన మాట అదేనని తెలుస్తూనే ఉంది. కాని ప్రతిలో లేని మాట అందించడం ప్రాంప్టరు చెయ్యరాని పని.

"తెలియదు అత్తయ్యా. అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మైదానం దుమ్ము వల్ల మాత్రం కాదు."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు. ప్రాంప్టర్ని. ఇంకొకళ్ళ మాట తప్పులేకుండా అందించడం నా పని."

డ్రిల్లు టీచరమ్మ పొయ్యి ఆర్పింది. కొంగుతో కళ్ళు తుడుచుకుందని రాయబోయాం; లేదు, తుడుచుకోలేదు. అన్నాళ్ళూ అన్నీ తుడిచిన మనిషి ఆ ఒక్కదాన్ని అలా వదిలేసింది. తరువాత వెన్ను నిటారుగా చేసి, బడి గొంతుతో అడిగింది:

"నీళ్ళు పోతే?"

"నొప్పుల కోసం ఆగకూడదు."

"ఏమిటీ? మళ్ళీ."

"నొప్పుల కోసం ఆగకూడదు అత్తయ్యా."

"వినిపించలేదు."

"ఆగకూడదు!"

"అదీ. ఇవాళ నాటకానికి వెళ్ళకు."

"చక్రవర్తి వేషం వేసే పెద్దాయనకు నేను లేకపోతే తన రాజ్యం పేరు కూడా గుర్తుండదు. ఇవాళ ఒక్క ఆటే. రేపటి నుంచి కొత్తమ్మాయి వస్తుంది."

ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. వెళ్ళిరా అనలేదు, జాగ్రత్త అనలేదు. నాటకాలంటే ఆవిడకు చిన్నచూపని, కోడలు పనిచేసే చోటు గడప ఏనాడూ తొక్కలేదని కిందటి భాగాలు చదివినవారికి తెలుసు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ప్రాంప్టరమ్మకు, ఆశ్చర్యం, బరువు దిగినట్టు అనిపించలేదు. తనకు తోడుగా ఉన్న ఆ నాలుగు మాటలూ ఇచ్చేశాక లోపల ఇంకా ఖాళీ అయింది. ఎవరి దుఃఖం వాళ్ళ గదిలోనే ఉంది. తలుపు మాత్రం ఒకటి తెరుచుకుంది. అంతే.

ఇక సామ్రాజ్యంలోకి వెళదాం.

చక్రవర్తి అనే బిరుదు గల ఆ ముసలి నటుడు జీవితమంతా కిరీటాలే ధరించాడు. రోషంలో లోపం లేదు, మీసంలో లోపం లేదు. జ్ఞాపకశక్తి ఒక్కటే రాజద్రోహం చేసి వెళ్ళిపోయింది. నాటకం మొదలయ్యే ముందు నల్లగుడ్డ దగ్గరికి వచ్చి, "ప్రాంప్టరమ్మా, ఉన్నావా తల్లీ?" అని అడుగుతాడు. "ఉన్నాను మహారాజా" అంటే తప్ప సింహాసనం ఎక్కడు. ఈ రోజూ అడిగాడు, ఈ రోజూ ఉంది.

దర్బారు దృశ్యంలో ఒక ఏర్పాటు ఉంది. అంతకుముందు వచ్చిన అడవి, అంటే చెక్క పలకల చెట్లు, అట్ట కొండ, అన్నీ ప్రాంప్టరమ్మ స్టూలు వెనకనున్న సందులో పేర్చేస్తారు. ఇంకెక్కడా చోటు లేదు. కనుక దర్బారు ముగిసేదాకా ఆమెకు వెనక దారి ఉండదు. ముందున్నది వేదిక. వేదిక మీదికి ప్రాంప్టరు వెళ్ళడమనేది ఆ శాల చరిత్రలో లేదు. ఇన్నేళ్ళలో ఆమెకు ఎప్పుడూ అవసరం పడలేదు గనుక, ఆ ఏర్పాటును ఎవరూ తప్పుగా ఎంచలేదు. ఆమె కూడా.

సేనాపతి ఓటమి వార్త మోసుకొచ్చి మోకరిల్లిన చోట, ఆమెకు లోపల ఏదో పుటుక్కుమన్నట్టు అనిపించింది. తరువాత వెచ్చగా, ఆగకుండా, స్టూలు మీదుగా కాళ్ళ మీదికి జారింది.

నొప్పి లేదు.

నొప్పి లేదు గనుక, ఆమె చేసిన మొదటి పని పేజీ తిప్పడం. దర్బారు ముగియడానికి ఇంకెంతో లేదు. నలుగురి మాటలు, ఒక శపథం, ఒక శంఖం. ఆ తరువాత చెట్లు తీస్తారు, దారి వస్తుంది. నొప్పే లేనప్పుడు తొందరేముందిలే. ఆ వాక్యం తనది కాదని, వంటగదిలో ఆవిరి మధ్య విన్నదని గుర్తొచ్చేసరికి పేజీ మీది చెయ్యి తీసేసింది.

పిలవాలి. ఎవరిని? జీవితమంతా నటులకు తప్ప ఎవరికీ వినపడకుండా మాట్లాడిన గొంతు అది. అది గట్టిగా ఎలా పలుకుతుందో ఆమెకే తెలియదు.

వేదిక మీద చక్రవర్తి మాట ఆపాడు.

"నా సైన్యం వెనుదిరిగింది" అన్నాడు. తరువాత ఏమీ అనలేదు.

అలవాటు ఎంత క్రూరమైనదంటే, తడి పాదాలతో కూర్చున్న ఆ మనిషి ప్రతిలోకి చూసి, ఊపిరితో అందించింది: "ఇక నాతో మిగిలినది నా నీడ ఒక్కటే."

ఆయన అందుకోలేదు. ఇంకోసారి అందించింది. అందుకోలేదు. మతి పూర్తిగా పోయిందా అని తల ఎత్తి చూసింది. ఆయన కళ్ళు పక్కకు వెతకడం లేదు. ముఖం కదలడం లేదు. చూపు నేల మీద ఉంది.

వేదిక ప్రేక్షకుల వైపు కొంచెం వాలుగా ఉంటుంది. నల్లగుడ్డ కింది నుంచి సన్నని నీటి పాయ ఒకటి, ఎవరి అనుమతీ లేకుండా, దీపాల వెలుగులోకి పాకి, చక్రవర్తి పాదాల దాకా వచ్చి మెరుస్తోంది. ఆమెకంటే ముందు అదే వేదిక ఎక్కింది.

చక్రవర్తి మెల్లగా లేచాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది; ఇది నాటకమే అనుకున్నారు. రాజదండం ఎత్తి, ఏ ప్రతిలోనూ లేని మాట, ఎవరూ అందించని మాట, పునాదులు కదిలేలా పలికాడు:

"ఎవరక్కడ! ద్వారాలు తెరవండి! ఈ తల్లికి దారి ఇవ్వండి! ఇక ఈ రాజ్యంలో ఇదొక్కటే పని!"

ప్రాంప్టరమ్మ కన్ను, ఖర్మ, ఆ వాక్యం కోసం పేజీలో వెతికింది. లేదని తేలాక ప్రతిని స్టూలు మీద పెట్టి, నల్లగుడ్డ తొలగించి, ఇన్నేళ్ళలో మొదటిసారి వెలుగులోకి అడుగు పెట్టింది. ఎదుటంతా చీకటి, ఆ చీకటి నిండా మనుషులు.

అప్పుడు ఆ చీకటి అట్టడుగు నుంచి, చివరి వరుస దాపుల నుంచి, ఒక ఈల మోగింది. పొట్టిగా, పదునుగా, ఒకసారి, మళ్ళీ ఒకసారి. దాని వెనక బడి గొంతు:

"తప్పుకోండి! కుర్చీలు జరపండి! అమ్మాయ్, అటు కాదు, ఇటు! నేనిక్కడున్నాను!"

వరుసలు లేచాయి. భుజాన ఆసుపత్రి సంచీ, చేతిలో ఈల, జనాన్ని రెండుగా చీలుస్తూ వస్తున్న ఆ ఆకారాన్ని చూసి ప్రాంప్టరమ్మకు నవ్వో ఏడుపో ఏదో వచ్చింది. చక్రవర్తి చెయ్యి అందించాడు. కిరీటం పక్కకు ఒరిగి ఉంది. ఇద్దరూ దర్బారు నడుమ దాకా వచ్చారు.

అక్కడ మొదటి నొప్పి వచ్చింది. ఉపోద్ఘాతం లేదు, నాంది లేదు. నేరుగా చివరి అంకంలాగా వచ్చి ఆమెను సింహాసనం పక్కన వంచేసింది. చక్రవర్తి వేళ్ళు నలిగేలా పట్టుకుని నిలబడింది. తగ్గింది. నాలుగు గంటలు, అనుకుంది. కనీసం నాలుగు గంటలు. మొదటి కాన్పు కదా, ఉంటాయి. ఉండాలి.

వేదిక దిగే మెట్లు ఇంకా ఎదురుగానే ఉన్నాయి. అత్తగారి చెయ్యి ఇంకా అందలేదు. ఆమె తీసుకున్న ఊపిరి ఇంకా పూర్తి కాలేదు.

రెండో నొప్పి మొదలైంది.